గ్దాన్స్కు రేవులో ఒడిబియ్యం

శ్రీజ ఫోను చేసినప్పుడు నేను వసారాలో కూర్చొని కందిబేడలు ఏరుతున్నాను. ఎదురుగా పనిచోట నా కొడుకు చెన్నకేశవులు ఒక నంది వీపు మీద గ్రైండరు ఆడిస్తున్నాడు. చేతుల నిండా రాతిదుమ్ము. ఫోను పట్టుకోలేక స్పీకరు నొక్కి అరుగు మీద పెట్టాడు. అందుకే ఆ మాటలన్నీ నా చెవిన పడ్డాయి.

"అన్నా, అమ్మవారి పెట్టె ఆపేసినారు" అంది శ్రీజ. గొంతు వణుకుతోంది. చలికో భయానికో తెలియలేదు.

"యాడ?"

"గ్దాన్స్కులోనే, రేవులో. రాత్రంతా కారు నడుపుకుంటా వచ్చినా. ఇప్పుడు గేటు బయట నిలబడి ఉండా."

శ్రీజది రుద్రవరం. పోలండులో లుబ్లిన్ అనే ఊళ్లో ఆసుపత్రిలో పని. ఆ ఊళ్లో చదువుకునేవాళ్లు, పనులు చేసుకునేవాళ్లు మన పిల్లలు చాలామంది ఉన్నారట. అందరూ కలిసి చిన్న గుడి కట్టుకున్నారు. అమ్మవారిని ఆళ్లగడ్డలోనే చెక్కించాలని పట్టుబట్టి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది ఈ అమ్మాయే. రాజరాజేశ్వరి అమ్మవారు. పద్మాసనంలో కూర్చున్న తల్లి, నల్లరాయి. కూర్చుంటేనే నా భుజం ఎత్తు. ఏడాదికి పైగా నా కొడుకు వేరే పనులు పక్కన పెట్టి ఆమెను చెక్కాడు. కళ్లు మాత్రం తెరవలేదు. అవి ప్రతిష్ఠ నాడు గుడిలోనే, చెక్కిన శిల్పి చేత్తోనే తెరవాలి. అందుకోసం వాడు వచ్చే వారం విమానం ఎక్కాలి. మా ఇంటి నుంచి అంత దూరం పోతున్న మొదటి అమ్మవారు ఆమె. ఇంతకు ముందు నందులు పోయాయి, వినాయకులు పోయారు. ఆడబిడ్డ పోవడం ఇదే మొదలు.

పెట్టె బయలుదేరిన రోజు నుంచి నా మనవరాలు వర్షిణి బడి అట్లాసు నా దిండు పక్కనే ఉంది. పోలండు పేజీ మడత పడి చిరిగే దాకా చూశాను. పైన సముద్రం. దాని అంచున రేవు ఊళ్లు: షెచిన్, గ్డీనియా, గ్దాన్స్కు. కింద, సముద్రానికి చాలా దూరంగా, కుడి చేతి వైపు లుబ్లిన్. ఓడ గ్దాన్స్కు దాకానే. అక్కడి నుంచి లారీలో పగలంతా ప్రయాణం. లుబ్లిన్ ఎట్లా ఉంటుందని శ్రీజను అడిగితే, "మన ఆళ్లగడ్డ మాదిరే అవ్వా, సముద్రం లేదు, చుట్టూ సేద్యం, ఏది రావాలన్నా ఇంకో ఊరు దాటుకొని రావాల్సిందే" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు లుబ్లిన్ మీద భయం పోయింది. భయమంతా గ్దాన్స్కు మీదికి మళ్లింది.

"ఎందుకు ఆపినారు పాపా?" అన్నాడు నా కొడుకు. "కాయితాలన్నీ సరిగ్గా ఉండాయి కదా."

"కాయితాలు కాదన్నా. పెట్టెను మిషన్లో పెట్టి లోపలికి ఫోటో తీసినారంట. అమ్మవారి ఒళ్లో ఒక మూట కనపడతాందంట. మూట నిండా పొడి మాదిరి ఏందో ఉండాదంట. దాని మధ్యలో చుట్ట చుట్టిన తీగ. తీగ పొడుగునా చిన్న చిన్న గుండ్లు."

"మూటనా? ఏం మూట?"

"నన్నడుగుతావేందన్నా! వాళ్లు బాంబనుకుంటాండారు."

నా చేతిలో చేట అట్లాగే ఆగిపోయింది.

"పగలు తొమ్మిదిన్నరకు, అంటే మనకు రెండు గంటలకు, దానికని వేరే మనుషులు వస్తారంట. పంపించినోళ్లు అందులో ఏముండాదో పక్కాగా చెప్పి, అది ఫోటోతో సరిపోతేనే చేత్తో విప్పుతారంట. లేదంటే పెట్టెను బయలుకు తీసుకుపోయి దూరం నుంచే పగలగొడతారంట."

"రాయి పగులుతాది" అన్నాడు నా కొడుకు. చాలా నెమ్మదిగా అన్నాడు.

"అదే కదన్నా నేను చెప్పేది."

వేలు విరిగినా, ముక్కు కొన చిట్లినా ఆ విగ్రహం ఇంక పూజకు పనికిరాదు. అతికించేది లేదు. మరమ్మతు లేదు. మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి.

"నా పెట్టెలో రాయి తప్ప ఏమీ లేదు" అని వాడు గట్టిగా అన్నాడు. "మేకులు నేనే కొట్టినా. ఎవడో దారిలో దూర్చినాడు. ఇప్పుడే నంద్యాలకు పోతా. అజయ్ కుమార్ ఆఫీసు నుంచి వీడియోలో వాళ్లతో మాట్లాడతా."

అజయ్ కుమార్ అంటే నంద్యాలలో ఎగుమతి కాయితాలు చూసే ఏజెంటు. నా కొడుకు చేతులు కడుక్కోకుండానే బండి ఎక్కాడు. నేను లేచాను. "నాయనా" అన్నాను. బండి చప్పుడులో వాడికి వినపడలేదు. రెండోసారి అన్నప్పుడు బండి గేటు దాటి పెద్ద రోడ్డెక్కింది.

మూట నాది.

మా అత్తగారి కాలం నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఈ వాకిట్లోంచి ఏ అమ్మవారు కదిలినా ఒట్టి ఒడితో కదలదు. అత్తవారింటికి పోయే ఆడపిల్లకు కట్టినట్టే పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి, వక్కలు, పసుపు కొమ్ములు, రవిక గుడ్డలో మూట కట్టి ఒళ్లో పెడతాం. తీసుకుపోయిన ఊరివాళ్లు ఆ బియ్యంతో పొంగలి వండుతారు. ఈసారి మాత్రం అజయ్ కుమార్ వచ్చి, పెట్టెలో గడ్డి, మట్టి, ఆకు, అలం ఏవీ ఉండకూడదని అందరి ముందూ అరిచి చెప్పాడు. నా కొడుకు నా వైపు తిరిగి, "ఈ తూరి ఏమీ పెట్టొద్దుమా" అన్నాడు. నేను తలూపాను.

కానీ అజయ్ కుమార్ చెప్పింది గడ్డి గురించి. సామానుకు దెబ్బ తగలకుండా చుట్టూ కుక్కే గడ్డి. ఒడిబియ్యం సామాను కాదే. అది ఆమెది. ఆమెకు చీర ఎట్లాగో అదీ అట్లాగే. మూత బిగించే ముందు పనివాళ్లంతా అన్నాలకు పోయినప్పుడు, తెల్లటి స్పాంజి పక్కకు తీసి ఆమె ఒళ్లో పెట్టి, మళ్లీ కప్పేశాను. ఎవరికీ చెప్పలేదు. తప్పు చేస్తున్నానని కూడా అనుకోలేదు.

ఆ తీగ తీగ కాదు. నా బిడ్డ సౌజన్య కాలి పట్టీ.

సౌజన్య తనకు నచ్చినవాణ్ణి చేసుకుంటానని చెప్పి ఈ వాకిట్లోంచే పోయింది. మా ఆయన గడపలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు, నేను బయటికి రాకుండా. కిటికీలోంచి చూశాను. ఒక కాలికి పట్టీ ఉంది, ఒక కాలికి లేదు. రెండోది కొక్కెం విరిగితే అతికించడానికి అంగట్లో ఇచ్చి ఉన్నాము. తర్వాత అది బాగై వచ్చింది. వేసుకునే కాలు లేదు. ఇన్నేళ్లూ బియ్యం డబ్బాలో అడుగున దాచాను. ఒడి నిండా బియ్యంతో పోయే బిడ్డ చేతిలో, ఒట్టి ఒడితో పోయిన బిడ్డ పట్టీ పెట్టి పంపాలని ఎందుకు అనిపించిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

సౌజన్య ప్యాపిలిలో ఉందని విన్నాను. మా ఆయన పోయినప్పుడు రాలేదు. ఆ రోజు నుంచి చెన్నకేశవులు ఇంట్లో దాని పేరెత్తనీయడు. బెంగుళూరుకు విగ్రహాలు పోతే లారీని తాడిపత్రి మీదుగానే పంపుతాడు. ప్యాపిలి మీద పోదామని డ్రైవరు అంటే "ఆ దారి బాగలేదు" అంటాడు. ఆ దారిలో నాలుగు లారీలు పక్కపక్కన పోవచ్చు.

కోడలు భ్రమరాంబ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పోయి శ్రీజ ఫోనులో అన్నదంతా చెప్పాను. నేను పెట్టినవాటిలో బియ్యం గురించి మాత్రమే చెప్పాను.

అది తడి చీర భుజం మీద వేసుకొని నన్ను పైనుంచి కిందికి చూసింది. "అత్తా! వద్దని చెప్తే తలకాయ ఊపినావు కదా!"

"ఊపినా."

"ఊపి పెట్టినావా?"

"ఊపినాకే పెట్టినా."

"ఏ బియ్యం?"

"పాత బియ్యం. పెద్ద డబ్బాలోవి."

"దాంట్లో పురుగులు పడినాయని మొన్ననే కదా చెప్పినా! పోలండుకు పురుగులు పంపినావా?"

తిడుతూనే ఫోను తీసింది. మొగుడు బండి మీద ఉన్నాడు, ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ. కాసేపు ఆగి చేస్తే ఈసారి కట్ చేశాడు. అజయ్ కుమార్ నంబరు మా దగ్గర లేదు. శ్రీజ ఫోను స్విచ్ ఆఫ్ అని వచ్చింది. రేవు లోపలికి పోయేవాళ్ల దగ్గర ఫోన్లు తీసుకుంటారేమో. గోడ గడియారం చూశాను. పన్నెండు దాటింది.

"పా అత్తా, బేగా పోదాం" అంది భ్రమరాంబ. తడి చేతులతోనే తలుపు తాళం వేసింది.

బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, తను ఫోను నొక్కుతూ కూర్చుంది. నేను రోడ్డు చూస్తున్నాను గానీ కళ్ల ముందు అట్లాసు పేజీయే ఉంది. నీలం రంగు సముద్రం, దాని అంచున నల్ల చుక్క. ఆ చుక్కలో ఒక పెట్టె. పెట్టెలో కళ్లు తెరవని తల్లి. చుట్టూ ఎవరు నిలబడి ఉన్నారో, తనను ఎక్కడికి మోసుకుపోతున్నారో చూడలేదు.

శిరివెళ్లలో బస్సు ఆగింది. డ్రైవరు దిగి టీ కొట్టు వైపు నడిచాడు.

"ఓ అన్నా, యాడికి పోతాండావ్?" అని భ్రమరాంబ కిటికీలోంచి అరిచింది. "ఈ ముసలామెకు అర్జెంటు!"

"బాత్రూమా?" అన్నాడు డ్రైవరు.

"పోలండు!"

బస్సులో ఎవరో నవ్వారు. డ్రైవరు నవ్వుతూనే గ్లాసు పట్టుకొని వచ్చి ఎక్కాడు. నాకు నవ్వు రాలేదు.

బస్సు కదిలాక భ్రమరాంబ నా వైపు తిరిగింది. "అత్తా, బియ్యం సరే. వక్కలు, కొబ్బరి సరే. ఆ తీగ ఏంది?"

"నాకేం తెలుసు?"

"శ్రీజ చెప్పిందంటివి కదా, చిన్న గుండ్లుండే తీగ అని. నువ్వే కట్టి నీకే తెల్దా?"

నేను బయటికి చూశాను. వరి కోసిన మడుల్లో మినుము పచ్చగా ఉంది.

"నా పెండ్లయి వచ్చినప్పుడు ఆ బియ్యం డబ్బా కడుగుదామని వంచినా" అంది అది. "నువ్వు పరిగెత్తుకుంటా వచ్చి గుంజుకున్నావు. అప్పుడే చూసినా. ఇన్నేండ్లూ నేనేమన్నా అడిగినానా?"

అది నా చేయి పట్టుకోలేదు, ఓదార్చలేదు. అట్లాంటి మనిషి కాదు.

"నీ కొడుక్కు చెప్పాల్సొస్తాది" అంది. "తీగ సంగతి చెప్పకుంటే పెట్టె పగులుతాది. చెప్తే ఈయప్ప పగులుతాడు. చూసుకో నీకేది కావాల్నో."

"వాడి నాయన పోతే కూడా అది రాలేదనే వాడి కోపం."

"రావడానికి ఆయమ్మికి ఎవరన్నా చెప్పినారా?"

నేను దాని ముఖం చూశాను.

"ఎవరూ చెప్పలేదు అత్తా. ఈయప్ప చెప్పలేదు. నన్ను చెప్పనీలేదు. ఆమె రాలేదని ఇన్నేండ్లు అలిగి కూర్చున్నాడు."

నంద్యాల బస్టాండులో దిగి ఆటో ఎక్కాం. శ్రీనివాస సెంటరు దగ్గర ఇరుక్కున్నాం. ఆటో అతను హారను కొడుతూనే ఉన్నాడు, ముందున్న ఎడ్లబండి కదలదు. భ్రమరాంబ దిగి, నన్ను దించి, నడవమంది. నా మోకాళ్లు మెట్లెక్కే మోకాళ్లు కావు. అజయ్ కుమార్ ఆఫీసు మేడ మీద ఉంది. కమ్మీ పట్టుకొని, ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కాను.

లోపల నా కొడుకు కంప్యూటరు ముందు కూర్చొని ఉన్నాడు. పక్కన అజయ్ కుమార్ నిలబడి ఉన్నాడు. తెర మీద ఒక గది. గోడలు తెలుపు, బల్ల ఇనుపది. బల్ల వెనక యూనిఫారంలో ఒక ఆఫీసరమ్మ, నాకంటే ఓ ఇరవై ఏళ్లు చిన్నదేమో, కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. పక్కన దుప్పటి లాంటి కోటులో శ్రీజ.

"...రాయి తప్ప ఏమీ లేదని ఆమెకు ఇంకోసారి చెప్పు పాపా" అంటున్నాడు నా కొడుకు. "నేను సంతకం కూడా పెట్టినా. నా తల్లి మీద ఒట్టు."

"ఒట్టు పెట్టొద్దు నాయనా" అన్నాను వాకిట్లోంచి.

వాడు తిరిగాడు. నన్ను చూశాడు, భ్రమరాంబను చూశాడు. చెప్పనక్కరలేకపోయింది. వాడి ముఖం మీద రాతిదుమ్ములో చెమట చారలు కట్టి ఉంది.

"పెట్టినావా?"

"ఒడిబియ్యం. అంతే నాయనా."

"వద్దని చెప్పినా కదమా!" కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "అందరి ముందూ చెప్పినా! ఇప్పుడే సంతకం పెట్టి పంపినా! నన్ను దొంగను చేసినావు కదమా!"

తెరలో శ్రీజ చేతులెత్తింది. "అన్నా, అరవద్దు. ఈమె ఏమైంది అని అడుగుతాంది. ఏం చెప్పమంటావు?"

అజయ్ కుమార్ గభాలున నా దగ్గరికి వచ్చాడు. చెవిలో గుసగుసగా అన్నాడు. "పెద్దమ్మా, బియ్యం అనొద్దు. చెప్పకుండా ధాన్యం పంపితే అదో కేసు. పూజ గుడ్డ, పసుపు పొడి అని చెప్పు. లోహం అడిగితే నాణేలు అను. ఒట్టి నాణేలు."

"సరిపోదప్పా" అంది భ్రమరాంబ పక్కనుంచి. "నాణేలు చుట్ట చుట్టుకుంటాయా?"

శ్రీజ ఆఫీసరమ్మతో మాట్లాడింది. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. కళ్లద్దాలు పెట్టుకొని నా వైపు చూసింది, చాలా సేపు చూసింది. తర్వాత ఏదో అంది. పక్కనున్న ఇంకో తెరను తన వైపు తిప్పుకుంది, మాకు కనపడకుండా.

"అవ్వా" అంది శ్రీజ. "పంపించినాయన ఇప్పటి దాకా ఏమీ లేదన్నాడు, ఇప్పుడు ఉండాది అంటాండారు, నేను ఎట్లా నమ్మేది అంటాంది. కట్టింది నువ్వే కాబట్టి నువ్వే చెప్పాలంట. మూటలో ఏముండాయో అన్నీ. ఒకటి తప్పినా, ఒకటి ఎక్కువైనా వాళ్లు చేత్తో ముట్టరంట. బయట వాళ్ల మనుషులు వచ్చేసినారు. నిదానంగా చెప్పు."

నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. నా కొడుకు నా వెనక నిలబడ్డాడు. వాడి ఊపిరి నా నడినెత్తికి తగులుతోంది.

"ఎర్ర రవిక గుడ్డ" అన్నాను. "పసుపు కలిపిన బియ్యం, ఐదు దోసిళ్లు. ఎండు కొబ్బరి గిన్నెలు రెండు. వక్కలు. పసుపు కొమ్ములు. ఖర్జూరాలు. గాజులు." గాజు గాజులా, లోహపువా అని శ్రీజ అడిగింది. గాజువే అన్నాను. "కుంకుమ పొట్లం. చిన్నది."

ఒక్కొక్కటి శ్రీజ చెప్పినప్పుడల్లా ఆఫీసరమ్మ తన తెర మీద వేలు పెట్టి చూస్తోంది. ఖర్జూరాల దగ్గర ఆగి, మళ్లీ అడిగింది. విత్తనాలతోనా? అవునన్నాను. తలూపింది. ఆ తర్వాత వేలు తెర మధ్యలో ఆగింది. కదలలేదు.

"అవ్వా, ఇంకా ఏమన్నా?"

అజయ్ కుమార్ నా ఎదురుగా నిలబడి పెదాలు కదిపాడు. నాణేలు.

నేను తెరలోని గడియారం చూశాను. అక్కడ తొమ్మిదిన్నర కావస్తోంది. ఆ గది వెనక తలుపు తెరిచి ఒక మగమనిషి తొంగి చూశాడు. వాడి మీద మందపాటి పచ్చటి కోటు. ఆఫీసరమ్మ చేయెత్తి ఆగమంది.

"అవ్వా!"

"పట్టీ" అన్నాను.

నా నెత్తికి తగిలే ఊపిరి ఆగింది.

"కాలి పట్టీ అమ్మా. వెండిది. గజ్జెలుంటాయి. ఒకటే."

శ్రీజ చెప్పింది. ఆఫీసరమ్మ వెంటనే ఏదో అడిగింది.

"ఒకటే ఎందుకు అంటాంది. పట్టీలు రెండుంటాయి కదా అని."

"రెండోది కాలికి ఉండాది."

"ఎవరి కాలికి?"

నేను వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే ఆ మాట చెప్పలేకపోయేదాన్ని. "నా బిడ్డ కాలికి. సౌజన్య. అది ఇంట్లోంచి పోయినప్పుడు దీని కొక్కెం విరిగి అంగట్లో ఉన్నింది. కొక్కెం కాడ అతుకు ఉంటాది. వెండి రంగు కాదు, కొంచెం నల్లగా ఉంటాది. చూడమను."

శ్రీజ గొంతు మారింది. ఆ మాటలు చెప్పడానికి చాలా సేపు తీసుకుంది. ఆఫీసరమ్మ తెరకు మొహం దగ్గరగా పెట్టి చూసింది. వేలితో ఏదో పెద్దది చేసి చూసింది. ఇంకోసారి చూసింది. పచ్చ కోటు మనిషిని పిలిచి చూపించింది. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్లీ చూపించింది. వేలితో అదే చోట పొడిచి చూపించింది.

ఇద్దరూ లేచి వెళ్లిపోయారు. శ్రీజను కూడా బయటికి పంపేశారు. తెర మీద ఒట్టి ఇనుప బల్ల.

కింద రోడ్డు మీద ఎవరో ఉల్లిగడ్డలని మైకులో అరుస్తున్నారు. అజయ్ కుమార్ నీళ్లు తెచ్చిచ్చాడు. నేను తాగలేదు. పేలితే ఇక్కడికి వినపడుతుందా అనుకున్నాను. వినపడకపోతే ఎట్లా తెలుస్తుంది? ముందు ఎవరి ముఖం చూసి తెలుసుకోవాలి? అమ్మవారి ముక్కు నా కళ్ల ముందుకు వచ్చింది. ఆ ముక్కు చెక్కేటప్పుడు నా కొడుకు ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం కూడా సరిగా తినలేదు.

"నాయనకు బాగలేదని దానికి నేను చెప్పలేదు" అన్నాడు వాడు నా వెనక నుంచి. ఎవరితో అన్నాడో తెలియలేదు. "తనంతట తానే తెలుసుకొని రావాలనుకున్నా."

"ప్యాపిలిలో ఉండే మనిషికి ఎట్లా తెలుస్తాది?" అంది భ్రమరాంబ. "నువ్వు పక్క గదిలో ఉంటేనే నీకు జరమొచ్చిందని అత్తకు నేను చెప్పాల్సొస్తాది."

వాడు అరచేతులకు అంటిన రాతిదుమ్ము రాల్చుకున్నాడు.

తెరలో తలుపు తెరుచుకుంది. ఆఫీసరమ్మ వచ్చింది. చేతులకు తొడుగులు. వెనకే పచ్చ కోటు మనిషి ఒక పళ్లెంలాంటిది పట్టుకొని వచ్చాడు. పళ్లెంలో నా ఎర్ర రవిక గుడ్డ.

భ్రమరాంబ నా భుజం గట్టిగా పట్టుకుంది.

బల్ల మీద పెట్టి ముడి విప్పారు. నా ముడి. పసుపు బియ్యం బల్లంతా జారాయి. వక్కలు దొర్లాయి. ఆఫీసరమ్మ వంగి చూసి ముఖం చిట్లించింది. బియ్యంలో నల్లటి చుక్కలు కదులుతున్నాయి, మెల్లగా, నాలుగు వైపులకూ. ఆమె రెండు వేళ్లతో బియ్యం పక్కకు తోసి పట్టీ పైకెత్తింది. కొక్కెం దగ్గర అతుకు చూసింది. మాకు కనపడేలా ఎత్తి, ఊపింది.

గజ్జెలు మోగాయి. గ్దాన్స్కులో మోగిన గజ్జెలు నంద్యాలలో, అజయ్ కుమార్ ఆఫీసులో, ఆ చిన్న స్పీకరులోంచి వినపడ్డాయి. సౌజన్య వాకిట్లో నడిచినప్పుడు వినపడినట్టే.

నా కొడుకు కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

శ్రీజ లోపలికి పరిగెత్తుకొచ్చింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "అమ్మవారికి ఏమీ కాలేదవ్వా! నేను చూసినా! చిన్న గీత కూడా పడలేదు!" తర్వాత ఆఫీసరమ్మ అన్న మాటలు చెప్పింది. ధాన్యం అంతా కాల్చేస్తారు. పెట్టెకు మందు పట్టిస్తారు. ఇంకోసారి ఇట్లా చేస్తే ఊరుకోరు. రేపు లారీ లుబ్లిన్‌కు బయలుదేరవచ్చు.

"ఒక మాట అడుగుతాంది అవ్వా. ఒడిబియ్యం సంగతి నేను చెప్పినా. వేరే ఊరికి పోయే ఆడపిల్లకు బియ్యం ఎందుకు, ఆ ఊళ్లో తిండి దొరకదా అంటాంది."

"దొరుకుతాది" అన్నాను. "అమ్మ ఇచ్చింది దొరకదు."

శ్రీజ చెప్పాక ఆఫీసరమ్మ పట్టీని ఒక చిన్న సంచిలో వేసి, దాని మీద ఏదో రాసింది. మళ్లీ అడిగింది.

"దీన్ని పెట్టెలోనే పెట్టేదా, ఎవరికన్నా ఇచ్చేదా అంటాంది" అంది శ్రీజ.

నేను నోరు తెరిచేలోగా కిటికీ దగ్గరి నుంచి నా కొడుకు అన్నాడు. "నీ దగ్గర పెట్టుకో పాపా. వచ్చే వారం నేనే వస్తాండా కదా. తీసుకుంటా."

తెర ఆరిపోయింది. అజయ్ కుమార్ కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "పెద్దమ్మా, నీకు దండం" అన్నాడు. "నీ కన్నా రాయి నయం."

నా కొడుకు కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగి, "అజయా, నా తిరుగు టికెట్టు మార్చు" అన్నాడు. "హైదరాబాదులో కాదు, బెంగుళూరులో దిగుతా."

"బెంగుళూరా? ఆడి నుంచి మళ్లీ తాడిపత్రి మీద ఆళ్లగడ్డకు చుట్టు కదన్నా?"

"ప్యాపిలి మీద వస్తా."

అజయ్ కుమార్‌కు ఏమీ తెలియదు కాబట్టి, "ఆ దారైతే బాగుంటాది" అన్నాడు.

మెట్లు దిగేటప్పుడు నా కొడుకు నా చేయి పట్టుకున్నాడు. కోపం పోలేదు. పట్టుకున్న పట్టులోనే తెలుస్తోంది. సగం దిగాక ఆగాను.

"నాయనా, అది తలుపు తీయకపోతే?"

"నువ్వూ భ్రమరా ఆ పొద్దుకు ముందే ఆడికి రాండి. నిన్ను చూస్తే తీస్తాదేమో."

"తీయకపోతే?"

"మా, నీకు అన్నిటికీ భయమే. పోలండోళ్లే తీసినారు."

రోడ్డు దాటగానే బియ్యం అంగడి. భ్రమరాంబ అప్పటికే అక్కడ నిలబడి, ఒక బస్తాలో చేయి పెట్టి, గింజలు అరచేతిలో వేసుకొని వెలుతురుకు పట్టి చూస్తోంది. నా కొడుకు తనూ ఒక పిడికెడు తీసుకొని చూశాడు.

"ఇంటికి పోయి బాగా జల్లించి కట్టుమా" అన్నాడు. "పురుగులుంటే మా చెల్లెలు కూడా ఆపేస్తాది."